ఒకే నంబరు మీద రెండు సీళ్లు

ఆఫీసులో అందరూ ఆయన్ని లక్క బాబాయ్ అనేవారు. ముప్పై ఏళ్లుగా ఆయన పని ఒక్కటే. కేంద్ర శాఖ ఏ దుకాణం మూయమంటే దాని తాళానికి దారం చుట్టి, కొవ్వొత్తి మీద లక్క కరిగించి, ఇత్తడి ముద్ర నొక్కడం. ఆ కాలిన వాసన ఏ సబ్బుకీ పోయేది కాదు. "మీరు వీధి మలుపు తిరిగితే చాలు, నాకు వంటింట్లోకే తెలిసిపోతుంది" అనేది భార్య, బతికున్న రోజుల్లో.

ఆ ఉదయం పెద్దసారు సంతకం పెట్టిన ఆర్డరును ఆయన రెండుసార్లు చదివాడు. ఆకునూనె సంగతి. ఆ ఆకు మత్తుపదార్థమని కేంద్రం ఎప్పుడో నిషేధించింది. నొప్పుల మందుగా అమ్ముకోవచ్చని రాష్ట్రం ఆరేళ్ల కిందట లైసెన్సులిచ్చింది. ఏది పై చట్టమన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు. అది ఎవరి మీద పడుతుందన్నదే ఏ ఏటికాయేడు మారేది.

"ఆసుపత్రి వీధిలో ఆకునూనె అమ్మే దుకాణాలన్నీ అని రాశారు సార్. ఉన్నవి రెండు. రెండింటికి సరిపడా లక్క తెస్తున్నా" అన్నాడు.

"అన్నీ అని రాయడం పైవాళ్లు చదువుకోడానికయ్యా. మనం ఆ నర్సు కొట్టు మూసి వచ్చేద్దాం."

"ఎదురుగా అద్దాల తలుపులతో ఉందే, ఆ కొట్టో?"

"దానికి రాష్ట్రం లైసెన్సుంది."

"నర్సుకీ ఉంది సార్. రెండింటి మీదా ఒకే అధికారి సంతకం."

"ఆవిడ లైసెన్సు కేంద్ర చట్టం ముందు చెల్లదు" అన్నాడు పెద్దసారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

ఆ మాట అంటున్నప్పుడు ఆ ముఖంలో ఒక్క గీతైనా కదల్లేదు. లక్క బాబాయ్ ఆర్డరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అద్దాల కొట్టు మంత్రిగారి బావమరిదిదని ఆఫీసులో గోడలకి కూడా తెలుసు.

జీపులో డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏంటి బాబాయ్, ఆముదం తాగినట్టున్నావ్?" అన్నాడు.

"తాగినా బాగుండేది. కక్కేసేవాణ్ణి."

ఆసుపత్రి వీధిలో పెద్దసారు తిన్నగా అద్దాల కొట్టులోకి వెళ్లి, చల్లగా ఉంటుందని సోఫాలో కూర్చున్నాడు. లక్క బాబాయ్ ఎదురుగా ఉన్న ఒంటి గది ముందు సంచీ దించాడు.

నర్సక్క రిటైరయ్యాక పెట్టుకున్న కొట్టు అది. గోడకి ఫ్రేము కట్టించిన లైసెన్సు, ఒక బల్ల, వరసగా సీసాలు. బల్ల మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకాయన ముసలి తాపీమేస్త్రి. వేళ్లు వంకర్లు తిరిగిపోయి, తన చొక్కా గుండీ తానే పెట్టుకోలేడు.

"నా కొట్టుకేనా తమ్ముడూ?" అంది ఆవిడ, సంచీ చూడగానే.

ఆయన సంచీలోంచి కొవ్వొత్తి తీశాడు. ఈ గదికి ఆయన కొత్తవాడు కాదు. భార్య ఆఖరి నాలుగు నెలలూ వారానికోసారి ఇక్కడికి వచ్చి సీసా తీసుకెళ్లేవాడు. నూనె రాసిన రాత్రి ఆవిడ నడుం వాల్చి నిద్రపోయేది. లోకంలో ఆయనకి గుర్తున్న పెద్ద సుఖం ఆ నిద్ర చప్పుడే.

"చట్టమంటే చట్టం. మూయి, నేను కాదనను" అంది నర్సక్క. "కానీ రేపు ఈ మేస్త్రి మావయ్య ఎక్కడికి పోతాడు? ఆ ఎదురు కొట్టుకేగా? అక్కడ ఇదే నూనె. చెప్పులకి మట్టి ఉందని మొన్న గుమ్మం ఎక్కనివ్వలేదు ఈయన్ని."

ఆయన కొవ్వొత్తిని గడప మీద నిలబెట్టాడు. అగ్గిపుల్ల గీశాడు. ఆరిపోయింది. ఇంకోటి గీశాడు.

"గాలి ఎక్కువగా ఉందక్కా. కొవ్వొత్తి వెలగడానికి కొంచెం టైం పట్టేట్టుంది. ఈలోగా వీళ్ల పని చూసి పంపించెయ్."

ఆకు కూడా కదలని ఎండ అది. ఏడు పుల్లలు అయ్యేసరికి ముగ్గురి చేతుల్లోనూ సీసాలున్నాయి. అప్పుడు సీలు వేసి, సంచీ భుజాన వేసుకుని రోడ్డు దాటాడు.

"అయిపోయిందా?" అన్నాడు పెద్దసారు, చేతిలో పళ్లరసం గ్లాసుతో.

"సగం అయింది సార్. లోపలున్నవాళ్లు బయటికొస్తే తలుపు వేసుకుంటాను."

"ఎవరు చెప్పారు నీకు?"

ఆయన ఆర్డరు విప్పి, అక్కడున్న పదిమందికీ వినపడేలా తాపీగా చదివాడు. "కింద సంతకం మీదే సార్" అన్నాడు చివర్న.

పెద్దసారు చుట్టూ చూశాడు. కొనేవాళ్లు చూస్తున్నారు. గుమ్మంలో మేస్త్రి చూస్తున్నాడు. ఇంతమంది ముందు 'దీనికి వద్దు' అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి జీపెక్కాడు. ఈసారి మొదటి పుల్లకే కొవ్వొత్తి వెలిగింది.

మధ్యాహ్నం నుంచి ఆఫీసులో ఫోను ఊపిరి పీల్చుకోలేదు. నాలుగింటికి పెద్దసారు పిలిచాడు.

"ఆ అద్దాల కొట్టు సీలు తీసిరా."

"రిజిస్టరులో రెండూ ఒకే ఆర్డరు నంబరు మీదున్నాయి సార్. ఆర్డరు రద్దు చేస్తే రెండూ తీస్తాను. ఒక్కటే తియ్యాలంటే, దానికే ఎందుకు మినహాయింపో కారణం రాయాలి. ఇదిగో గడి. నకలు పైకి వెళ్తుంది."

పెద్దసారు ఆ ఖాళీ గడి మీద పెన్ను ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. రాయడానికి ఆయనకి కారణం లేక కాదు. చివరికి అడ్డంగా గీత కొట్టి, 'రద్దు' అని రాశాడు.

"ఇకమీదట ఆర్డర్లలో పేర్లు రాస్తాను" అన్నాడు తలెత్తకుండా.

నర్సక్క గుమ్మంలో లక్క పెళ్లలు రాలాయి. "నీ పుణ్యమా అని బతికాను తమ్ముడూ" అందావిడ.

"నాదేం లేదక్కా. పొద్దున ఉన్న చట్టాన్ని సాయంత్రానికి మింగేశారు, మంత్రిగారి బావమరిదికి ఇబ్బందైందని. ఇద్దరికీ మూసి ఉంటే నేను ఇంటికెళ్లి అన్నం తినేవాణ్ణి. ఇద్దరికీ తెరిచి ఉండమని చట్టం మార్చినా తినేవాణ్ణి. ఇప్పుడు మాత్రం నోరంతా చేదుగా ఉంది." సంచీ ముడి వేస్తూ అన్నాడు. "ఈసారి పెద్దసారు నీ ఒక్కదాని పేరు రాసుకుని వస్తాడు."

"వస్తాడు, నాకు తెలీదూ?" అంది ఆవిడ. "అప్పుడు మాత్రం అగ్గిపెట్టె నిండుగా తెచ్చుకో. వచ్చేవాళ్లెక్కువ."

ఎదురుగా, తానూ జీపులో వచ్చిన పెద్దసారు అద్దాల కొట్టు మెట్ల మీద రెండు చేతులూ జోడించి నిలబడి ఏదో సర్దిచెప్పుకుంటున్నాడు. లక్క బాబాయ్ అటునుంచి ముఖం తిప్పుకుని, వేళ్లకి అంటుకున్న లక్కని గోటితో గీకసాగాడు. రావట్లేదు.

"ఇలా పట్టు" అని నర్సక్క దూదితో నూనె అద్ది, ఒక్కో వేలూ తుడవసాగింది.

"ఏ నూనె అక్కా ఇది?"

"వంటనూనేలే. నీ ఉద్యోగానికేం కాదు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.