గడియారం మార్కు, నెమలి మార్కు

రండ్రా పిల్లలూ, దగ్గరికి జరగండి. గోడకి ఆనుకుని కూర్చున్నవాళ్లకి కథ సగమే వినిపిస్తుంది, మిగతా సగం రేపు లెక్కల వేళ నన్ను అడుగుతారు. పలకలు పక్కన పెట్టండి. ఆ, అలాగ. మఠం వేసుకోండి.

వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన ముళ్లరేవని ఒక ఊరుంది. అందరూ వరి రైతులే. ఐ.ఆర్. ఎయిట్ విత్తనాలు కొత్తగా వచ్చిన రోజులవి. పొద్దున్నే పొలానికెళ్లడం, మధ్యాహ్నం అంబలి తాగి నడుం వాల్చడం, ఎండ తగ్గాక గేలాలు పట్టుకుని రేవుకి చేరడం, ఇదీ అక్కడి మగవాళ్ల పని. రేవు రాళ్ల కింద ఒక పండుగప్ప ఉండేది. ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట తిరిగే చేప పండుగప్ప, మీకు తెలిసిందే. అయితే ఇది వీధితలుపంత పొడుగు. బిందెలు తోముకునే గున్నమ్మ “పండుగప్పా, పోటు ఎప్పుడొస్తాది?” అని అడిగితే నీళ్లలోంచి తల ఎత్తి, “నీ బిందెలు తోమడం అయ్యాక వస్తాది, తొందరపడకు” అనేది. వడ్లు ఆరబోసినవాళ్లు వాన సంగతి కూడా దాన్నే అడిగి వెళ్లేవారు.

మగవాళ్లు దానికి గేలం వేసేవారు. అది తాడు తెంపుకుని పోయేది. మర్నాడు వచ్చి, ఎర బాగుందనో, ముడి బాగోలేదనో చెప్పేది. ఇందులో ఎవరికీ కోపతాపాలు లేవు.

ఇలా ఉండగా గరివిడి ఫ్యాక్టరీ ఇంజనీరు ఎవరో ఒక ఆదివారం జీపులో వచ్చి, గడకి చక్రం బిగించిన గేలం వేశాడు. అంతవరకూ ఊళ్లో తాడుని కర్రముక్కకి చుట్టేవారు. ఆ చక్రం తిప్పితే తాడు దానంతటది చుట్టుకోవడం చూసి ఊరికి నిద్రపట్టలేదు. నరసన్నపేట షావుకారు రంగనాథం వెంటనే రెండు రకాల చక్రాలు తెప్పించి కొట్లో వేలాడదీశాడు. ఒకటి గడియారం మార్కు, ఒకటి నెమలి మార్కు.

ఊరు రెండుగా చీలిపోయింది.

నెమలి మార్కు వాళ్లకి పెద్ద దాలయ్య. గడియారం మార్కు వాళ్లకి పెద్ద ఆయన బావమరిది కొండబాబు. గడియారం మార్కు చక్రం తిప్పితే కటకటమంటుంది. చేప లాగుతున్న సంగతి చెవికి తెలియాలి కదా, అదే దాని గొప్ప అని కొండబాబు. నెమలి మార్కు చప్పుడు చెయ్యదు.

“దొంగతనానికెల్లినోడు గజ్జెలు కట్టుకెల్తాడేటి బావా?” అనేవాడు దాలయ్య.

“మూగోడిని కాపలా పెట్టుకుంటారేటి బావా?” అనేవాడు కొండబాబు.

కొన్నాళ్లకి కొత్త మనిషి ఊళ్లోకి వస్తే ఇంటిపేరు అడగడం మానేసి మార్కు అడగసాగారు. రెండు మార్కులవాళ్ల మధ్య పిల్లనివ్వడం, పుచ్చుకోవడం ఆగిపోయాయి.

అక్కడే అప్పలసూరి ఇరుక్కున్నాడు. అతనికి అమ్మా నాన్నా లేరు, తోడబుట్టినవాళ్లు లేరు. తన పొలం చెక్క తను దున్నుకుంటాడు, తన అన్నం తను వండుకుంటాడు. దాలయ్య కూతురు గౌరి అంటే ఇష్టం. గౌరికీ అతనంటే ఇష్టమే. పెద్దలు ఎవరూ లేక తనే వెళ్లి దాలయ్యని అడిగాడు.

“నీదే మార్కు?” అన్నాడు దాలయ్య.

ఏ మార్కూ లేదు, కర్రముక్కే అన్నాడు అప్పలసూరి. మార్కు లేనోడికి పిల్లనెలా ఇస్తానన్నాడు దాలయ్య. నెమలి మార్కు కొందామా అంటే గౌరి మేనమామ కొండబాబు ఉన్నాడు. మేనమామ బుట్ట ఎత్తకపోతే పెళ్లికూతురు పందిట్లోకి రాదు, నెమలి వాడి పెళ్లికి తను బుట్ట ఎత్తనని కొండబాబు ఊరంతా చెప్పేశాడు. వచ్చే అమావాస్య పోటుకి రేవుకి రావాలని, చేతిలో ఏ చక్రం ఉందో చూసి జవాబు చెప్తామని ఇద్దరూ కబురంపారు. వాళ్లిద్దరూ ఒప్పుకున్న మాట ఆ ఏడాదిలో అదొక్కటే.

అప్పలసూరి నరసన్నపేట వెళ్లి రెండిట్లో ఏది మంచిదని రంగనాథాన్ని అడిగాడు.

“గడియారం కొన్నవాళ్లు నెమలి కొననందుకు సంతోషిస్తున్నారు బాబూ,” అన్నాడు షావుకారు. “నెమలి కొన్నవాళ్లు గడియారం కొననందుకు సంతోషిస్తున్నారు. ఆపైన నాకు తెలీదు. మేం చేప తినం.”

చివరికి రెండూ తీసుకెళ్లి చూసుకోమని, వద్దన్నది తిరిగి తెమ్మని పంపించాడు.

పొలంగట్టు మీద గౌరి కనిపిస్తే అప్పలసూరి రెండు చక్రాలూ చూపించాడు. ఆ పిల్ల ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. “ఇది అరుస్తాది, అది అలుగుతాది. మా ఇంట్లో ఇద్దరూ ఇలాగే ఉన్నారు. నాకు కావలసింది నువ్వు. ఏదో ఒకటి సెయ్యి,” అని గడ్డిమోపు ఎత్తుకుని వెళ్లిపోయింది.

అమావాస్య పోటు వచ్చింది. రేవుకి ఎడమ పక్క నెమలి వాళ్లు, కుడి పక్క గడియారం వాళ్లు. మధ్యలోకి అప్పలసూరి వచ్చాడు. ఎడమ చేతిలో నెమలి మార్కు గేలం, కుడి చేతిలో గడియారం మార్కు గేలం. రెండు పక్కలా గొణుగుడు మొదలైంది. ఇదేం తెలివని కొందరు, ఇదేం తెలివితక్కువని కొందరు. అతను అవేవీ వినకుండా రెండూ ఒక్కసారే విసిరాడు.

పండుగప్పకి కూడా అది కొత్త సంగతే. సరదాపడి రెండు ఎరలూ అందుకుంది. కుడి చక్రం కటకటమంది. ఎడమ చక్రం ఏమీ అనలేదు. రెండు తాళ్లూ పెనవేసుకుని అప్పలసూరి కాళ్లకి చుట్టుకున్నాయి. మొదట మోకాలు మునిగింది, తర్వాత నడుము, ఆపైన మెడ. ఒడ్డున ఎవరికి వారు తమ చక్రమే ఎక్కువ లాగుతోందని వాదించుకుంటున్నారు తప్ప ఒక్కడూ నీళ్లలోకి దిగలేదు. అప్పలసూరి నోట్లోకి ఉప్పునీళ్లు పోయాయి. పూర్తి పేరు పలకడానికి ఊపిరి చాలలేదు.

“అప్పా,” అన్నాడు. “ఆగప్పా.”

మన వైపు అప్ప అంటే అక్క కదా.

పండుగప్ప ఆగింది. ఏరు కూడా కాసేపు ఆగినట్టే ఉంది.

“ఏటన్నావు?” అంది.

“అప్పా అన్నాను.”

“ఇన్నేల్లూ అందరూ పేరెట్టి పిలిసినోల్లే,” అంది పండుగప్ప. “వరసెట్టి పిలిసినోడివి నువ్వే. ఏటి తమ్ముడూ, ఏటి కట్టం?”

అతన్ని రాతి మెట్ల దాకా తనే లాక్కొచ్చింది. కాళ్లకి చుట్టుకున్న తాళ్లు కొరికి తెంపింది. సంగతంతా చెప్పించుకుంది. ఆ తర్వాత తల మెట్టు మీద ఆనించి దాలయ్యని పిలిచింది.

“మావా, మా తమ్ముడికి నీ కూతుర్ని అడగడానికొచ్చాను. ఆడపడుసుని నీల్లలో నిలబెట్టే మాటాడతావేటి?”

దాలయ్య కంగారుపడి ఇంటికి పరిగెత్తి ఇత్తడి గంగాళం తెచ్చాడు. నీళ్లు నింపి పండుగప్పని అందులో కూర్చోబెట్టారు. తోక బయటే ఉండిపోయింది. దాన్ని గౌరి తడిగుడ్డతో కప్పింది. మర్యాదలన్నీ అయ్యాక దాలయ్య నోట అలవాటుకొద్దీ ఆ మాటే వచ్చింది.

“అంతా బాగున్నాది గానమ్మా, మీదే మార్కు?”

పండుగప్ప నోరు తెరిచింది. ఎడమ దవడకి నెమలి మార్కు గేలపు ముల్లు, కుడి దవడకి గడియారం మార్కు గేలపు ముల్లు.

“రెండూ ఉన్నాయి మావా. ఒంగుని సూసుకో.”

దాలయ్య వంగి చూశాడు. నమ్మకం లేక కొండబాబూ వచ్చి వంగాడు. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. తల రుద్దుకుంటూ ఇంకోసారి చూశారు. రెండు ముళ్లూ ఒక్కలాగే దిగి ఉన్నాయి, రెండు తాళ్లూ ఒక్కలాగే తెగి ఉన్నాయి. ఇద్దరూ లేచి, సంబంధం ఖాయమన్నారు.

“మరి నా ఆడపడుసు లాంసనం?” అంది పండుగప్ప.

పెళ్లికొడుకు అక్క కోరింది ఇవ్వకపోతే పెళ్లి మాట ముందుకి కదలదు. ఏం కావాలో అడగమన్నారు. చీరా రవికా దానికెందుకు?

“మావా, నీ సక్రం. సిన్నాన్నా, నీ సక్రం.”

దాలయ్య గౌరి వైపు చూశాడు. గౌరి తడిగుడ్డ సర్దుతూ తల ఎత్తలేదు. ఆయన నెమలి మార్కు చక్రం తీసి గంగాళంలో వేశాడు. కొండబాబుకి మాత్రం చాలాసేపు పట్టింది. తన చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి తిప్పాడు. కటకటమంది. ఇంకొక్కసారి తిప్పాడు. తర్వాత నీళ్లలోకి మెల్లగా, పడుకోబెట్టినట్టు వదిలాడు.

ఇద్దరు బావలూ చేతుల్లో ఏమీ లేక, ఏం చెయ్యాలో తోచక, ఒకే మెట్టు మీద కూర్చున్నారు. కాసేపటికి దాలయ్య, పెళ్లికి బుట్ట ఎంత పెద్దది అల్లించాలని అడిగాడు. గౌరి ఈ ఏడాది కొంచెం ఒళ్లు చేసింది, పెద్దదే అల్లించమన్నాడు కొండబాబు.

పెళ్లి రేవులోనే జరిగింది. మేనమామ బుట్ట ఎత్తాడు. మూడుముళ్లలో రెండు అప్పలసూరి వేస్తే, మూడోది గంగాళంలోంచి పండుగప్ప నోటితో బిగించింది. అప్పలసూరితో ఊళ్లో అందరికీ ఏదో ఒక వరస ఉంది కాబట్టి, ఆ రోజు నుంచి అందరికీ అదీ చుట్టమే. చుట్టానికి గేలం వెయ్యరు కదా.

ఇంక లేవండి. అన్నాలు చల్లారిపోతాయి. పలకలు మరిచిపోకండి. ఇంటికెళ్లి ఊరికే “అన్నం పెట్టు” అనకండి. పెట్టేవాళ్లు ఎవరైనా సరే, ముందు వరసపెట్టి పిలిచి, ఆ తర్వాత కంచం ముందు కూర్చోండి.