వెక్కిళ్ల తాళం

మా మరిది, అందరూ బొంగురు అని పిలిచే వాడి స్నేహితుడు కలిసి పాడిన ర్యాప్ పాట చార్టులో మొదటి స్థానమెక్కి దిగనంటోంది. జట్టు పేరు ‘ఇద్దరూ ఇద్దరే’. బస్సులో, కూరగాయల కొట్టులో, పక్కింటి పిల్లల నోట, ఎక్కడ విన్నా అదే పల్లవి: ‘గోడలకున్న చెవులు మనుషులకు లేవు.’

ఆ మాట నాది.

ఉద్యోగం ఇస్తామని గ్రంథాలయం వాళ్లు మా ఆయన నంబరుకు ఫోన్ చేసినప్పుడు నేను స్నానం చేస్తున్నాను. ఆయనే తీసి, “ఆవిడకు కుదరదండీ” అని పెట్టేశారు. ఆ సాయంత్రం పడకగదిలో ఆయన్ని నిలదీస్తూ అన్న మాట అది. మరిది వాళ్లు రికార్డింగ్ చేసుకునేది కూడా ఆ గదిలోనే, బట్టల అలమర తెరిచిపెట్టి. వేలాడే చీరలు గది మోతను మింగేస్తాయట. మైకు ఆపకుండా టీకి పోవడం వాళ్లకు అలవాటు. ఆ రోజూ అలాగే పోయారు. తిరిగొచ్చి విన్నాక చెరిపేయాల్సింది పోయి, నా గొంతు సన్నం చేసి పాటలో అతికించారు.

మా ఆయన గడ్డం గీసుకుంటూ అదే పల్లవి పాడుతున్నారు. “ఎవడు రాశాడోగానీ, కడుపులోంచి వచ్చిన మాట” అని మెచ్చుకున్నారు కూడా. అప్పుడు నా చేతిలో గరిటె లేకపోవడం ఆయన అదృష్టం.

అదీ దిగమింగాను. ఆదివారం మధ్యాహ్నం మరిది, బొంగురు హాల్లో కూర్చుని అందరికీ రెండో పాట వినిపించారు. మర్నాడే విడుదల. మొదట టక్, టక్ అని ఏదో తాళం. నాలుగు క్షణాల్లో పోల్చుకున్నాను. అవి నా వెక్కిళ్లు.

“ఆపు.”

“ఏమైంది వదినా?”

“నేను ఏడుస్తుంటే డప్పు కట్టుకున్నారా?”

మరిది నేల చూశాడు. బొంగురు మాత్రం ఉత్సాహంగా అన్నాడు: “అక్కా, నిజంగా చెప్తున్నా, ఒక్కటి కూడా తాళం తప్పలేదు! కావాలంటే నీ పేరు కూడా వేస్తాం.”

“నోరు మూసుకో. ఏడుపు నాది, పేరు పెట్టేది మీరా?”

“పోనీలేవే అమ్మాయ్, మరిది పైకొస్తుంటే సంతోషించక...” అన్నారు అత్తయ్య.

“మీరు ఆగండత్తయ్యా. పైకి రమ్మనండి, నా నెత్తి మీద కాలు పెట్టి కాదు.”

మా ఆయన పేపరు దించారు.

“ఏంటీ గోల? పాట బాగానే ఉందిగా.”

అప్పటిదాకా మరిది మీదున్న కోపం ఒక్కసారి అటు తిరిగింది.

“ఒరేయ్, పాట కాదు. ఆ రోజు మైకులో పడ్డదంతా పెట్టు. కోయకుండా.”

“వదినా, అన్నయ్య ముందు...”

“అన్నయ్య ముందే.”

పెట్టాడు. నా గొంతు నా గొంతులాగే వచ్చింది. ఉద్యోగం, ఫోను, నన్నెందుకు అడగలేదని ప్రశ్న, గోడలూ చెవులూ. తర్వాత చాలాసేపు ఏడుపు. ఆ ఏడుపు మీద, టీవీ చప్పుడు మధ్య, తీరిగ్గా ఆయన గొంతు:

“అయిందా? రేపటి చొక్కా ఇస్త్రీ చేశావా?”

ఆయన చెయ్యి చాచి ఆపబోయారు. ఆ చేతిని పక్కకు తోసేశాను. “ఇంకా ఉంది, వినండి.”

మిగతాదంతా ఇస్త్రీపెట్టె చప్పుడే. చివరిదాకా విన్నారు.

మరిది ఫోన్ తీసి పాటల కంపెనీ వాళ్లకు చేశాడు. “రెండో పాట వెయ్యడం లేదు సార్... లేదు సార్, నంబర్ వన్ అయినా సరే... మా వదిన ఒప్పుకోలేదు. అసలు అడగాల్సింది మేమే, అడగలేదు.”

బొంగురు తల పట్టుకున్నాడు. మా ఆయన గొంతు సవరించుకుని, “ఆ గ్రంథాలయం వాళ్లతో నేను మాట్లాడతాలే” అన్నారు.

“మీరు మాట్లాడింది చాలు,” అన్నాను. “నంబరివ్వండి.”