గుంబోకు పెట్టిన నారింజలు

మాది ఏనుగు వంశం. మావాళ్ళు ఏనుగు మాంసం ముట్టరు. ఊరంతా నన్ను పేరుతో కాక 'సమన్యాంగా' అని పిలుస్తుంది, దంతాల దొర అని. ఆ పిలుపు వింటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జాంబెజీ ఒడ్డున సఫారీ జీపు నడుపుతాను. ఎండాకాలం చివర గడ్డి ఉండదు, ఏనుగులకు తుమ్మకాయలే దిక్కు. అందినంత మేర కొమ్మలు ఖాళీ అయ్యాక, మేం గుంబో అని పిలిచే ముసలి ఏనుగు ఒక్కడే వెనక్కాళ్ళ మీద లేచి, తొండం చాచి పైకొమ్మ విరిచేవాడు. అది చూడ్డానికే జనం సముద్రాలు దాటి వచ్చేవారు.

ఆ వారం మూడు రోజులైనా గుంబో లేవలేదు. అతిథులు మర్నాడు వెళ్ళిపోతారు. నా గొప్ప పోతుందని భయం పట్టుకుంది. పొద్దున్నే ఒక్కణ్ణే వెళ్ళి, జీపు పైకెక్కి కొమ్మ పంగలో నారింజలు పెట్టొచ్చాను. అడవిలోకి పండు తేకూడదని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది నేనే. గుంబో లేచాడు. చప్పట్లు మోగాయి. పై వారం మళ్ళీ పెట్టాను. ఆ తర్వాత కూడా.

నెల తిరక్కుండా గుంబో నారింజ వాసన పట్టుకుని మా క్యాంపు వంటింటి మీద పడ్డాడు. వంటవాడి తుంటి విరిగింది. మర్నాడు పార్కువాళ్ళు గుంబోను కాల్చేశారు.

మాంసం ఊరికి పంచారు. నాకు జాడలు చూడ్డం నేర్పిన ముషోరె తాత కత్తి తుడుచుకుంటూ అడిగాడు: "ఎవడ్రా దీనికి పండు రుచి మప్పింది? వాడి చేతులు పడిపోను!"

"టూరిస్టులు విసిరుంటారు తాతా," అన్నాను.

"నువ్వలా పక్కన కూర్చో సమన్యాంగా, సొంతమనిషి పోయినవాడివి." కుర్రాళ్ళ వైపు తిరిగాడు. "చూసి నేర్చుకోండ్రా! ముక్క కోసం వంశం మర్చిపోయే రకం కాదు వీడు."

తేలు కుట్టిన దొంగలా తలొంచుకున్నాను. ఏడుస్తున్నాననుకుని అందరూ జాలిపడ్డారు.

తాత భార్య నాకు విడిగా మొక్కజొన్న సద్జా ముద్ద, ఆకుకూర పెట్టింది. "మాంసం తినవు కదా నాయనా, ఇదన్నా తిను. మీ క్యాంపు వంటింట్లో నలక్కుండా మిగిలింది ఇదొక్కటేనట," అంటూ పళ్ళెంలో నారింజపండు పెట్టింది.

వద్దంటే ఎందుకని అడుగుతారు. అందరూ చూస్తుండగా తొక్క వలిచాను. ఒక్కో తొనా నోట్లో పెట్టుకుని, మొత్తం తిన్నాను.