ఇసాక్ బావ కొయ్యని తోకలు

మేకు కొట్టిన సొరుగు కనిపిస్తే మా ఇసాక్ బావకి ఒళ్ళు మండేది. అది సొరుగు కాదట, సబ్బుల పెట్టెట. అనకాపల్లి బెల్లం మార్కెట్టు షావుకార్ల మేజాలకి మేం చేసిన సొరుగుల్లో ఒక్క మేకు కూడా ఉండదు. పక్క పలక కొసన పావురం తోకలా విచ్చుకున్న పళ్ళు కోస్తాం. ముందు పలకలో వాటికి సరిపడా గాడులు తొలుస్తాం. రెండూ కలిపి కొయ్యసుత్తితో తడితే ఇక ఎంత లాగినా ఊడవు. ఆ పళ్ళని మేం తోకలనే అంటాం. తోకలు కోసేది బావ. వాటిని రెండో పలక మీద ఆనించి, చుట్టూ గీసుకుని, గాడులు తొలిచేది నేను. నాకు రంపం పట్టడం నేర్పింది ఆయనే, మా అక్క అజ్మతున్నీసాని చేసుకున్నదీ ఆయనే.

ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది. తోక కాస్త వంకర పోయినా ఫరవాలేదు. దాన్ని పెట్టే గీసుకుంటాను కనుక గాడి కూడా అదే వంకర పోతుంది, తప్పు పైకి కనిపించదు. ఆ సుఖమే మా కొంప ముంచింది.

అరవై నాలుగులో, వానలు మొదలైన రోజుల్లో, బావ నాకు అందించిన టేకు పలకకి ఆరు తోకలు ఉండాల్సింది, ఐదే ఉన్నాయి. చివరిది పెన్సిలుతో గీసి ఉంది కానీ కొయ్యలేదు. మరిచిపోయాడనుకుని నేనే కోసేశాను. వారం తిరక్కుండా మళ్ళీ అంతే. తర్వాత్తర్వాత రెండు కొసలా వదిలెయ్యడం మొదలుపెట్టాడు. పక్కనే ఉన్న ఉలి కోసం నేలంతా తడిమేవాడు. గుమ్మానికి భుజం కొట్టుకుని గుమ్మాన్ని తిట్టేవాడు.

"నా ఉలి నువ్వు తీసేవేట్రా వలీ?" అని నా మీద ఎగిరేవాడు.

యాభై దాటాయి కదా, మతిమరుపు వచ్చిందనుకున్నాను. నా తెలివి అక్కడికే ఏడిచింది.

అక్కతో చెప్తే గభాల్న నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనకి సెప్పకురా. సెయ్యి తప్పిందని తెలిత్తే మరి ఉలి ముట్టడు. పని నేకుండా ఇంట్లో కూకుంటే ఆ మడిసి బతకడు."

నాకూ అదే నిజమనిపించింది. బావ మధ్యాహ్నం నమాజుకి వెళ్ళగానే ఆయన వదిలేసిన తోకలు కోసి పెట్టేవాణ్ణి. మరీ పాడైన పలకైతే దాచేసి, కొత్త పలక మీద మొత్తం మళ్ళీ చేసేవాణ్ణి. బావ తిరిగొచ్చి, బిగించిన సొరుగు మూల మీద బొటనవేలు రాసి మురిసిపోయేవాడు.

"సూసేవా? ఎక్కడైనా గోరు దూరుతాదేటి?"

"దూరదు బావా."

ఇలా ఏడాదిన్నర. సిగ్గులేకుండా చెప్తున్నాను, నాకు గర్వంగా ఉండేది. నాకు పని నేర్పిన మనిషి పరువు నేను కాస్తున్నాననుకునేవాణ్ణి.

అరవై ఐదు చలికాలంలో, పట్టపగలు, పక్కనుంచి వస్తున్న బెల్లం బండి కింద పడబోయాడు. అప్పుడు విశాఖపట్నం కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు చాలాసేపు చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. ఈ జబ్బులో చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుంది. నొప్పి ఉండదు, మనిషికి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది కూడా నిలుస్తుందని చెప్పలేను. ఏడాది ముందు వచ్చుంటే చుక్కల మందుతో ఆపి ఉండేవాణ్ణి. పనిలో ఏ తేడా కనిపించలేదా? కొసలు వదిలెయ్యడం, అలాంటిది?"



బావ నిటారుగా కూర్చున్నాడు. "నా పని సెడలేదు బాబూ. ఒక్క తోక తప్పినా నాకు తెలీదా? ఆ రోజే పరిగెట్టుకొచ్చీవోణ్ణి. మా వలీని అడగండి."

డాక్టరు నా వైపు చూశాడు. బావ తల మొత్తం తిప్పి, నేనెక్కడున్నానో వెతుక్కుని చూశాడు.

చెప్తే ఆయనకి కళ్ళతో పాటు ఏడాదిన్నరగా తనదనుకున్న పనీ పోతుంది. అందుకే చెప్పలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ మనిషి నన్ను ఎలా చూస్తాడోనని భయపడ్డాను, అంతే.

"ఏ తేడా రాలేదండి," అన్నాను.

బస్సులో బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. అనకాపల్లిలో దిగే ముందు తడుముకుని నా చెయ్యి దొరకబుచ్చుకుని గట్టిగా నొక్కాడు.

"నా పని సెడలేదని సెప్పడానికి నువ్వు ఉన్నావు కాబట్టి సరిపోయిందిరా వలీ. నేకపోతే నా కళ్ళు నేనే సూసుకోకుండా పోగొట్టుకున్నాననుకుందురు."