ముప్పై ఒక్క వాల్వులు

తెల్లవారుజామున అయిదింటికి మద్దిలేటి కోటవీధి మలుపులో సైకిలు ఆపి, రోడ్డులోని ఇనుప మూత కాలితో జరిపి, గుంతలోని మంచినీళ్ళ వాల్వు మీదికి కీ దించాడు. కీ అంటే నిలువెత్తు ఇనుపకడ్డీ, పైన పట్టుకోవడానికి అడ్డంగా ఇంకో ముక్క. రెండు చేతులతో తిప్పాడు. అడుగున నీళ్ళు కదిలిన అదురు కడ్డీ గుండా అరచేతుల్లోకి వచ్చింది. ఇంకాస్త తిప్పి, ఒక పిసరు వెనక్కి తిప్పి ఆపాడు. ఎక్కువైతే పైనున్న మిట్టవీధికి చుక్క ఎక్కదు. తక్కువైతే కోటవీధి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని అతని మూడు తరాలనూ తిడతారు.

హిందూపురంలో అతను చూసే వాల్వులు ముప్పై ఒకటి. పొద్దున సగం, సాయంత్రం సగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని, అదే సైకిలు. మనిషి పొట్టి, నలుపు, కుడిభుజం ఎడమదానికంటే బలిసి ఒక పక్కకు ఒరిగినట్టు నడుస్తాడు. ఈ రోజు మాత్రం ఆ నడకలో తొందర ఉంది. సాయంత్రం ఆరింటికి బస్సు. ఆ బస్సు ఉడుపి దాటి సముద్రం దగ్గరికి పోతుంది.

సైకిలు హ్యాండిలుకు గుడ్డసంచి, అందులో పాత యాషికా కెమెరా. నీళ్ళు వదిలేవాడికి కెమెరా ఏమిటని నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వనిది ఫొటోస్టూడియో నారాయణస్వామి ఒక్కడే. పెళ్ళిళ్ళ ఫొటోలతో విసిగిపోయి, ఆదివారాలు నలుగురైదుగురిని వెంటేసుకుని కొండలూ చెరువులూ తిరిగే మనిషి ఆయన. పొద్దుటి వాల్వులకూ సాయంత్రం వాల్వులకూ నడుమ దొరికే ఖాళీలో మద్దిలేటి కూడా వెళ్ళేవాడు. పెనుకొండ కోటగోడ మీద ఎండ, ధర్మవరం వీధుల్లో ఈ చివర నుంచి ఆ చివరకు సాగదీసిన పట్టుదారాలు, చిలమత్తూరు బీళ్ళలో గొర్రెలు రేపిన దుమ్ము తీశాడు. సాయంత్రం నీళ్ళ వేళకు తిరిగి రాగలిగినంత దూరమే అతని ప్రపంచం.

మిగతావాళ్ళు, ఊళ్ళో ఇంకొందరితో కలిసి బస్సు మాట్లాడుకుని, ఏటా మూడు రోజులు సముద్రాలకు పోయేవారు. తిరిగొచ్చి స్టూడియో బల్ల మీద ఫొటోలు పరిస్తే, మద్దిలేటి చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఒక్కొక్కటే అంచులు పట్టుకుని చూసేవాడు. తొంభై ఎనిమిదిలో వానలు బాగా పడి బుక్కపట్నం చెరువు నిండినప్పుడు, కట్ట దిగి నీటి అంచున బోర్లా పడుకుని, అవతలి గట్టు కనబడకుండా ఒక ఫొటో తీశాడు. నారాయణస్వామి దాన్ని పెద్దది చేయించి స్టూడియోలో తగిలించాడు. వచ్చినవాళ్ళు "ఇది యా సముద్రమప్పా?" అని అడిగేవారు. మద్దిలేటికి గర్వంగానూ ఉండేది, దొంగతనం చేసినట్టూ ఉండేది.

సముద్రానికి ఎందుకు పోలేదంటే, దానికి కారణం అతనే. పనిలో చేరిన కొత్తలో టెంపరరీ వాళ్ళను తీసేస్తారని పుకారు లేచింది. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో ఎవరికీ చెప్పకపోతే తనను తీసెయ్యలేరని మద్దిలేటికి తోచింది. చెప్పలేదు. ఎవరైనా పక్కన నిలబడితే వీపు అడ్డం పెట్టి తిప్పేవాడు. పుకారు పోయింది, ఉద్యోగం నిలిచింది, కానీ సెలవు అడిగినప్పుడల్లా మున్సిపల్ ఆఫీసులో ఒకటే మాట: "నువ్వు లేకపోతే ఊరు ఎండిపోతాది మద్దిలేటీ." ఆ మాటకు మొదట్లో ఛాతీ పొంగేది. తర్వాత తర్వాత అది వినగానే సెలవు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేసేవాడు.

ఈసారి వచ్చిన ఇంజనీరు మంచివాడు. "లెక్కంతా కాగితం మీద రాసివ్వు. తిరుపాల్ చూసుకుంటాడు. మూడు రోజులు పోయిరా," అన్నాడు. రాసిస్తే తర్వాత తన అవసరం ఉంటుందా అని మద్దిలేటి నాలుగు రోజులు నిద్రపోలేదు. ఆఖరికి భార్య కుళ్ళాయమ్మే విసుక్కుంది.

"యాభై నాలుగేండ్లొచ్చినాయి. ఇంగెప్పుడు చూస్తావు ఆ సముద్రం? రాసిచ్చి పో."

పొద్దుటి వాల్వులు ముగించి, పదింటికి ఆఫీసు బల్ల ముందు కూర్చుని పెన్ను పట్టుకున్నాడు. కోటవీధి అని రాశాడు. ఎన్ని చుట్లు? ఏడా? తొమ్మిదా? కళ్ళు మూసుకున్నాడు. ఏమీ రాలేదు. ఇరవై రెండేళ్ళు దాచిన లెక్క నోటికి రాదు, పెన్నుకు రాదు. అసలు అతనెప్పుడూ లెక్కపెట్టనే లేదు, చేతులకు తెలిసినచోట ఆగేవాడంతే. మద్దిలేటి పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

ఎదురుగా కూర్చున్న పంపుహౌస్ తిరుపాల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. అతనికీ నలభై దాటాయి, మద్దిలేటితో పాటే పనిలో చేరినవాడు.

"ఇన్నేండ్లు నువ్వేందో పెద్ద మంత్రం దాచిపెట్టుకున్నావనుకుంటిమి కదన్నా!"

"లెయ్యప్పా. అన్నీ తిప్పి చూపిస్తా. నువ్వు చుట్లు ఎంచుకో, రాసుకో."

ఇద్దరూ రెండు సైకిళ్ళ మీద బయలుదేరారు. మద్దిలేటి కళ్ళు మూసుకుని తిప్పుతాడు, తిరుపాల్ ఎంచి కాగితం మీద వేస్తాడు, మళ్ళీ కట్టేస్తారు. నడిమధ్యాహ్నం కొళాయిల్లో నీళ్ళు బుసకొట్టి ఆగిపోతుంటే వీధివీధినా ఆడవాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. "ఈ పొద్దు ఏం పండగని రెండుతూర్లు వదుల్తాండావు?" అని ఒకామె కేకేసింది. మద్దిలేటి సిగ్గుపడుతూనే నవ్వాడు. వీపు అడ్డం పెట్టకుండా తిప్పడం అతనికి అదే మొదటిసారి. తేలికగా ఉందని తిరుపాల్‌తో అన్నాడు కూడా.

మూడు గంటలకు ఎడమచెయ్యి లాగడం మొదలైంది. ఇరవై రెండేళ్ళుగా ఏదో ఒక చెయ్యి లాగుతూనే ఉంది, అందుకని పట్టించుకోలేదు. భుజం రుద్దుకుని మళ్ళీ తిప్పాడు. అయిదున్నరకు ఇంకా నాలుగు వాల్వులు మిగిలాయి, నాలుగూ మిట్టవీధివే. మొదటిది అప్పుడప్పుడూ మొరాయించేదే, ఈ పూట బిగుసుకుని ఇద్దరూ కలిసి వేలాడినా కదలడం లేదు.

అప్పుడు నారాయణస్వామి మోపెడు మీద వచ్చాడు.

"ఏమప్పా, ఈడుండావా! అందరూ బస్సెక్కేసినారు. కిటికీ పక్క సీటు నీకని నా టవలేసి పెట్టొచ్చినా. రా, ఎక్కు."

"నాలుగుండాయి సామీ."

"పో అన్నా, ఈ నాలుగూ నేను ఎట్లో చూసుకుంటా," అన్నాడు తిరుపాల్.

మద్దిలేటి మోపెడు వెనకసీటు వైపు చూశాడు. పోవాలని ఎంత ఉందో ఆ చూపులోనే ఉంది. కెమెరా సంచి తీసి భుజాన వేసుకున్నాడు కూడా. వాల్వు గుంత దగ్గర ఒక ముసలామె ఖాళీ బిందె పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎట్లో అంటే ఎక్కవు తిరుపాలూ, ఈ వీధికి," అన్నాడు. "మూడు దినాలు వీళ్ళేం తాగల్ల? సామీ, అరగంట ఆపించు. అప్పుడూ రాకపోతే పోండి."

సంచి మళ్ళీ హ్యాండిలుకు తగిలించాడు. నారాయణస్వామి మోపెడు తిప్పుకుని వెళ్ళిపోయాడు. అరగంట కాదు, ముప్పావుగంట ఆపించాడు.

ఆఖరి వాల్వు తిప్పేసరికి పొద్దు మునిగింది. కింద రోడ్డు మీద బస్సు హారను మూడుసార్లు మోగి దూరమైంది. మద్దిలేటి గుంత పక్కన రాతిపలక మీద కూర్చుని ఏడ్చాడు. ఎవరి మీదా కోపం లేదు, ఉంటే వీపు అడ్డం పెట్టి తిప్పిన ఆ పాత మద్దిలేటి మీదే. ఒక్క మధ్యాహ్నం పని ఇది. ఇరవై రెండేళ్ళు ఒక్క మధ్యాహ్నం దొరకలేదా తనకు?

"సోడా తెస్తా ఉండన్నా," అని తిరుపాల్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని అంగడికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మద్దిలేటి గోడకు తల ఆనించి ఉన్నాడు. అలసి కునుకు తీస్తున్నాడనుకుని తిరుపాల్ సోడా పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత చెయ్యి పట్టుకుని చూసి, వీధంతా వినబడేలా అరిచాడు.

మర్నాడు అయిదింటికి తిరుపాల్ ఏడ్చిన కళ్ళతోనే కాగితం చూసుకుంటూ వాల్వులు తిప్పాడు. కోటవీధికీ, మిట్టవీధికీ, అన్ని వీధులకూ వేళకు నీళ్ళు వచ్చాయి. ఎక్కడా బిందె ఖాళీగా పోలేదు. కోటవీధిలో ఒకామె, సంగతి ఇంకా తెలియక, ధార రోజూకంటే బాగుందని కూడా అంది.

ఆ వేళకు బస్సు ఉడుపి దాటి ఇసుక పక్కన ఆగింది. అక్కడ ఎవరికీ ఇంకా కబురు అందలేదు. కెమెరాలు మెడల్లో వేసుకుని అందరూ అలల వైపు పరుగెత్తారు. నారాయణస్వామి ఆఖరున లేచి, ఒక్క క్షణం ఆగి, దిగిపోయాడు. కిటికీ పక్క సీటు మీద, రాత్రంతా ఎవరినీ కూర్చోనివ్వకుండా పరిచి ఉంచిన నీలంగళ్ళ టవలు, సముద్రపు గాలికి ఒక అంచు మాత్రం లేస్తూ, అలాగే ఉంది.