చూస్తే వచ్చే పని

"మా ఆవిడా? లక్ష్మీ నగర్లో ఒక కోచింగ్ సెంటరుంది కదండీ, అక్కడ కెమెరా దగ్గర నిలబడుతుంది. పెద్ద పనేం కాదులెండి, చూస్తే వచ్చే పనే," అన్నాడు రఘునందన్.

ముందు గదిలో కూర్చున్న పద్మనాభం గారితో అన్న మాట అది. ఆయనా రఘునందనూ ఒకే మినిస్ట్రీలో పని చేస్తారు. ఆదివారం పొద్దున ఆయన వచ్చి రెండు కాఫీలు తాగి వెళ్ళడం ఆనవాయితీ. వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న హైమవతి చెవిన పడనే పడింది. మయూర్ విహార్‌లో వాళ్ళుండే ప్రభుత్వపు ఫ్లాటులో ఒక గదిలో అన్న మాట రెండో గదిలో వినబడకుండా ఉండదు. వెటకారంగా అన్నా బాగుండేది, ఎదురు అనడానికి వీలుండేది. అతను ప్రేమగానే, కాస్త నవ్వుతూనే అన్నాడు. వాన పడుతోంది అన్నంత మామూలుగా అన్నాడు. ఆమె చేతిలో ఈనె తెగిపోయింది. మరో కాయ తీసుకుంది.

ఇంకో రోజైతే ఆ మాట వచ్చినట్టే పోయేది. కానీ మొన్న శుక్రవారం ఇన్‌స్టిట్యూట్ యజమాని మెహందీరత్తా ఆమెను తన గదికి పిలిపించాడు. పక్క కుర్చీలో నీలం సూటు వేసుకున్న మనిషొకడు కూర్చుని ఉన్నాడు. గుర్గావ్‌లో ఏదో పెద్ద కంపెనీ నుంచి వచ్చాడట, పేరు మల్హోత్రా.

"హైమా జీ, ఈయన ఇక మీద మన మీడియా హెడ్," అన్నాడు మెహందీరత్తా హిందీలో. "మీరట్లో, లక్నోలో కూడా రికార్డింగ్ మొదలుపెడుతున్నాం. మీ దగ్గరొక నోటుబుక్కు ఉంటుంది కదా, అది ఈయనకిచ్చెయ్యండి."

"అది తెలుగులో ఉంది సార్."

ఆయన నవ్వాడు. "అచ్ఛా. అయితే ఇంగ్లీషులో రాసి తెండి. సోమవారానికి చాలు, మధ్యలో రెండు సెలవులున్నాయిగా. తరవాత మీరు హాయిగా మళ్ళీ రిసెప్షన్లో కూర్చోవచ్చు. ఆ తీగలు మోసే బాధ మీకెందుకు?"

ఆమె నోటుబుక్కు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ నోటుబుక్కు మొదలై మూడేళ్ళయింది. 2005లో ఆమె రిసెప్షన్లోనే ఉండేది. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పాఠాలు రికార్డు చేసి సీడీలుగా బయటి ఊళ్ళకు పంపుదామనుకుని పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాడినొకణ్ణి తెచ్చారు. అతను పెళ్ళిలో లాగే తీశాడు. అకౌంట్స్ చెప్పే త్యాగి సార్ ముఖం దగ్గరికి వెళ్ళడం, వెనక్కి రావడం, మధ్యలో విద్యార్థుల తలలు. బోర్డు మీద ట్యూబులైటు తెల్లటి మచ్చలా పడి అంకెలు కనిపించలేదు. కూలరు హోరులో మాట వినిపించలేదు. సీడీల మీద పేర్లు అతికించే పని హైమవతికి అప్పగించారు కాబట్టి ఆమె ఒకటి పెట్టి చూసి, వెళ్ళి చెప్పింది. "అయితే మీరే తీసి చూపించండి," అన్నాడు మెహందీరత్తా విసుగ్గా. ఆమె తీసింది. ఆ రోజు నుంచీ అది ఆమె పనయింది. కుర్చీ, హోదా మాత్రం రిసెప్షన్‌వే.

నేర్పేవాళ్ళు లేరు. తప్పు జరిగిన ప్రతిసారీ అదెందుకు జరిగిందో కనిపెట్టి ఆ సాయంత్రమే రాసుకునేది. తెలుగైతే చెయ్యి ఆగకుండా సాగుతుందని తెలుగులో రాసుకునేది. సన్నచారల చొక్కా తెర మీద పాకుతున్నట్టు కనిపిస్తుంది, ఒకే రంగుది వేసుకు రమ్మనాలి. ఎర్ర మార్కరు వెనక బెంచీ వాళ్ళకు కనిపిస్తుంది గానీ కెమెరాకు కనిపించదు. కెమెరా మనిషిని కాదు, బోర్డు మీద రాతను చూడాలి, అక్షరం స్పష్టంగా కనబడేట్టు పెట్టి అక్కడే బిగించెయ్యాలి. జేబులో ఫోనుంటే, సైలెంటులో ఉన్నా సరే, మైకులో బర్రుమంటుంది. ఎదుటి గోడకు రజాయిలు వేలాడదీస్తే గొంతు మారుమోగదు. కెమెరా క్యాసెట్టు నిండగానే దాని అంచునున్న చిన్న మీట జరపాలి, లేకపోతే దాని మీదే ఇంకో పాఠం ఎక్కి పాతది పోతుంది. ఈ చివరిది రాసిన రోజు ఆమె బాత్రూములో తలుపేసుకుని ఏడ్చింది, ఎందుకంటే పోయింది త్యాగి సార్ మూడు గంటల పాఠం. ఎర్ర మార్కరు వాక్యం రాయడానికి మూడు వారాలు పట్టింది. ఎవరూ చూడకుండా ఖాళీ క్లాసులో మార్కర్లన్నీ ఒకదాని తరవాత ఒకటి గీసి పరీక్షించింది.

పద్మనాభం గారు వెళ్ళాక భోజనాల దగ్గర ఆమె శుక్రవారం సంగతి చెప్పింది.

"ఇచ్చెయ్యి, గొడవెందుకు," అన్నాడు రఘునందన్ పప్పు కలుపుకుంటూ. "వాళ్ళ కెమెరా, వాళ్ళ సెంటరు. నువ్వు రాసుకున్నదేముంది, నాలుగు చిట్కాలు."

"నాలుగింటికల్లా ఇంటికొచ్చేస్తావు. నా మోకాళ్ళకి కాపడం పెట్టేందుకు మనిషుంటుంది," అంది అత్తగారు నాగేంద్రమ్మ. ఆవిడ మాటలో కూడా కల్మషం లేదు.

అందరూ పడుకున్నాక మధ్యాహ్నం హైమవతి భోజనాల బల్ల మీద నోటుబుక్కు తెరిచి, పక్కన తెల్లకాగితాలు పెట్టుకుంది. ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు దీపు వచ్చి పుటలు తిప్పింది. దానికి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు.

"మమ్మా, ఇత్నా సారా ఆప్నే లిఖా?"

"ఇంతా నేనే రాశాను."

"ఇదేంటి, రెసిపీసా?"

"కాదే. పని."

"ఏం పని?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తూ నిలబడింది దీపు. హైమవతి ఒక పుట చదివి వినిపించింది. అది బల్ల మీదకెక్కి కూర్చుని, ఇంకోటి చదవమంది. ఆరు పుటలు విన్నాక, "యే తో పూరా సబ్జెక్ట్ హై, పెద్ద సబ్జెక్టే ఇది," అని లేచి ఫ్రిజ్ వైపు వెళ్ళింది.

అది అలా అనేసి వెళ్ళిపోయింది గానీ హైమవతి కలం ముందుకు కదలలేదు. నిజమే కదా. ఈ మూడేళ్ళలో ఎవరైనా అడిగితే తనేం చెప్పింది? అబ్బే, ఏదో సార్, చూసి నేర్చుకున్నాను. ఆయన పద్మనాభం గారితో అన్న మాట ఆయన సొంతది కాదు, తను అన్నదే. తనే అందరి నోళ్ళలోనూ పెట్టింది. ఎందుకు పెట్టింది? వంటింట్లో అలవాటైన మాట కనక. కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఏ పప్పుకి ఎన్ని విజిల్సో, అత్తగారి బీపీ మాత్ర ఏ పూటదో, ఆయనకి ఏ కూర పడదో, పదిహేనేళ్ళుగా అన్నీ తన తలలోనే ఉన్నాయి. ఒక్కటీ పుట్టుకతో వచ్చింది కాదు. ప్రతిదానికీ ఒక మాడిన గిన్నె ఉంది, ఒక మాట పడిన రోజు ఉంది. అయినా ఎవరైనా బాగుందంటే, ఇందులో ఏముందండీ అనడమే మర్యాదని పెరిగింది. ఆ మర్యాదనే ఉద్యోగానికీ మోసుకుపోయింది. ఆడదాని చేతికి రాగానే ఏ విద్య అయినా అలవాటు అయిపోతుంది కాబోలు. అదే మల్హోత్రా చేతిలో పెడితే సోమవారానికల్లా మీడియా అవుతుంది.

తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆమె వాటిని కొట్టేసింది. కాగితం తిప్పి, అవతలి పక్క ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు వేసింది. మొదటి క్లాసు, శబ్దం. రెండో క్లాసు, వెలుతురు. అలా ఆరూ నింపేసరికి సాయంత్రం పాలవాడు వచ్చే వేళయింది.

సోమవారం వికాస్ మార్గ్ మీద బస్సు దిగి నడుస్తూ ఆమె మొదటిసారి ఆ వీధిని తలెత్తి చూసింది. రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. రెండు పక్కలా, అంతస్తు తరవాత అంతస్తుగా బోర్డులు. ట్యాక్స్ ఒక సార్, ఇంగ్లీషు ఇంకో సార్, బ్యాంకు పరీక్షలు మరో సార్. మనిషికి తెలిసినదానికి ఒక గది, నాలుగు బెంచీలు, ఒక పేరు. ఇన్నేళ్ళూ ఈ బోర్డుల కింద నుంచే నడిచి వెళ్ళింది తను.

"పూర్తయిందా?" అన్నాడు మెహందీరత్తా. మల్హోత్రా కూడా అక్కడే ఉన్నాడు.

"లేదు సార్. రాసివ్వను. నేర్పుతాను." ఆమె ఆరు క్లాసుల కాగితం బల్ల మీద పెట్టింది. "మీరట్ వాళ్ళనీ లక్నో వాళ్ళనీ ఇక్కడికి పిలిపించండి. శనివారాలు చెప్తాను."

ఆయన కాగితం చూశాడు. వ్యాపారస్తుడు కాబట్టి విషయం వెంటనే అర్థమైంది. "ఆలోచన బాగుంది. మల్హోత్రా చెప్తాడు, మీరు పక్కనుండి సామాను చూపించండి."

"ఆయనకు ఈ పని రాదు కదా సార్."

మల్హోత్రా గొంతు సవరించుకున్నాడు. "సచ్ మే, నాకు రాదు. నేను చూసిందంతా ప్లానింగు," అన్నాడు. అతనికి అది ఒప్పుకోవడం కష్టంగానే ఉన్నట్టుంది, కానీ ఒప్పుకున్నాడు.

"నేను కుదరదంటే?" అన్నాడు మెహందీరత్తా.

"నోటుబుక్కు నాతో తీసుకెళ్ళిపోతాను. ఈ గల్లీలో అద్దె గదులకు కొదవలేదు."

"బెదిరిస్తున్నారా హైమా జీ?"

"లేదు సార్. ముందే చెప్తున్నాను." ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. "తొమ్మిదింటికి త్యాగి సార్ క్లాసుంది. మైకు చూసుకోవాలి, వెళ్తాను."

జవాబు బుధవారం వచ్చింది. క్లాసులు జరుగుతాయి, కానీ వాటిని కూడా రికార్డు చెయ్యాలి అన్నాడు మెహందీరత్తా. ఒకసారి సీడీ తయారైతే మళ్ళీ తన అవసరం ఉండదన్న ఆయన లెక్క ఆమెకు తెలుసు. "చెయ్యండి. సీడీ మొదట్లో నా పేరు పడాలి. పేరు కింద ఫ్యాకల్టీ అని ఉండాలి," అంది. ఆయన చాలాసేపు కలంతో బల్ల మీద కొట్టి, "ఠీక్ హై," అన్నాడు.

ఇంట్లో చెప్పినప్పుడు రఘునందన్ పేపరు దించాడు. "శనివారమా? మరి వంటో?"

"మీరు."

"నాకు రాదే."

చూస్తే వస్తుందండీ, అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. చూస్తే ఏదీ రాదని అందరికంటే తనకే బాగా తెలుసు. అతన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి, కందిపప్పు డబ్బా ఏదో, కుక్కరు రబ్బరు ఎలా పెట్టాలో, ఎన్ని విజిల్సో, ఎంత నీరో చూపించింది. అతను రెండుసార్లు అడిగాడు. రెండోసారి కూడా ఆమె ఓపిగ్గానే చెప్పింది. అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం ఆమె గంట ముందే క్లాసుకు చేరుకుంది. కూలరు ఆపింది. రజాయిలు వేలాడదీసింది. బోర్డు తుడిచి, ఒక ట్యూబులైటు ఆర్పింది. కాలరు మైకు చేతిలోకి తీసుకుని, అక్కడ ఆగిపోయింది. నోటుబుక్కులో ఉన్నది ఒకటే: చొక్కా రెండో గుండీ దగ్గర, జేబుకు దూరంగా. మూడేళ్ళలో నూట ముప్ఫై క్యాసెట్లు తీసింది, ఒక్కదాంట్లోనూ బోర్డు దగ్గర ఆడమనిషి లేదు. చీర కట్టుకున్న మనిషికి మైకు ఎక్కడ పెట్టాలో ఆమే ఎప్పుడూ రాసుకోలేదు. పమిట మీద పెట్టి చూస్తే నూలు గరగరలాడింది. మెడ దగ్గర జాకెట్టు అంచుకు తగిలించి, పమిట గట్టిగా పిన్ను పెట్టి, తీగ లోపల నుంచి లాగి, చిన్న డబ్బా నడుము దగ్గర దోపింది. మాట శుభ్రంగా పలికింది, కానీ బోర్డు మీద రాస్తుంటే గాజులు గలగలమన్నాయి. గాజు గాజులు తీసి సంచిలో వేసుకుంది. తరవాత కుర్చీలో కూర్చుని, నిలబడి కూడా రాయొచ్చు గానీ, తీరిగ్గా కూర్చుని, ఈ రెండూ నోటుబుక్కులో కొత్త పుట మీద రాసింది.

తొమ్మిది మంది వచ్చారు. మీరట్ నుంచి నలుగురు, లక్నో నుంచి నలుగురు, రిసెప్షన్లో పనిచేసే కుల్వీందర్ ఒకతి. "దీదీ, నేనూ కూర్చోనా?" అని అడిగి మూల బెంచీలో ఒదిగి కూర్చుంది. మల్హోత్రా కోటు విప్పి కెమెరా వెనక నిలబడ్డాడు. అతను మనిషి ముఖం దగ్గరికి జరుపుతుంటే, బోర్డు వైపు తిప్పమని ఆమె చేత్తో సైగ చేసింది. అతను తిప్పాడు.

ముందు బెంచీలో లక్నో నుంచి వచ్చిన పెద్దాయన, ఆమె వంగి నేల మీది తీగను కాళ్ళకు అడ్డం రాకుండా సర్దుతుంటే, గడియారం చూసుకుని మర్యాదగానే అడిగాడు.

"మేడమ్, సార్ ఎప్పుడొస్తారు?"

హైమవతి లేచి నిలబడి, నల్ల మార్కరు తీసి, బోర్డు మీద తన పేరు నిండుగా రాసింది. చివరి అక్షరం పూర్తయ్యాక ఆయన వైపు తిరిగింది.

"సార్ లేరండీ. పుస్తకాలు తెరవండి."