గేజీ గదిలో అయిదు తీగలు

సత్యకుమారి ఏరు దాటించే పంటు దిగేసరికి పొద్దున్న తొమ్మిదయింది. రాజమండ్రిలో ఒక మరమ్మతుల కొట్టులో ఆవిడ పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. నీటిమట్టం కొలిచే యంత్రాలు ఎక్కడ మొరాయించినా యజమాని ఆవిడనే పంపుతాడు. ఈసారి గోదారి వశిష్ఠ పాయ ఒడ్డున, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక గేజీ గది. అక్కడ నీటిమట్టం రాసుకునే రికార్డరు జులై నుంచి నీటి లెక్కలు చూసే ఆఫీసుకి ఒక్క అంకె కూడా పంపలేదు. బాగుపడకపోతే విప్పి తెచ్చెయ్యమన్నాడు యజమాని.

గది తాళం తీసినాయన బుల్లబ్బాయి. అరవై దాటాయి. ఇరవయ్యారేళ్లుగా రోజుకి మూడుసార్లు ఏట్లో పాతిన కొలకర్ర చూసి, నీరెంతుందో పుస్తకంలో రాసుకుని ఫోనులో చెప్పడం ఆయన పని.

"ఆ పెట్టె పోయిందండి. మోడెమ్ మార్చిన రోజు నుంచి మూగదైపోయింది," అన్నాడాయన.

సత్యకుమారి రికార్డరుకీ రేడియో మోడెమ్‌కీ మధ్యనున్న సీరియల్ కేబులు ఊడదీసి, కొనలు విప్పి చూసింది. లోపల మూడే తీగలు. పంపడానికొకటి, అందుకోవడానికొకటి, గ్రౌండుకొకటి. మోడెమ్ మార్చినవాళ్లెవరో చేతికందిన కేబులు బిగించి పోయారు.

"పోలేదండి. మర్యాద తెలిసిన యంత్రమిది," అంది. "మాట్లాడే ముందు ఒక తీగ మీద 'మాట్లాడనా' అని అడుగుతుంది. ఇంకో తీగ మీద మోడెమ్ 'ఊఁ' అంటేనే నోరు విప్పుతుంది. ఆ రెండు తీగలూ ఇందులో లేవు."

"అయితే మూణ్ణెల్లుగా అడుగుతానే ఉందంటారా?"

"పావుగంటకోసారి అడుగుతూనే ఉండుంటుందండి."

బుల్లబ్బాయి ఆ పెట్టె ముందుకొచ్చి, దాని మూత తువ్వాలుతో తుడిచాడు.

మధ్యాహ్నం పంటు అందుకోవాలని సత్యకుమారికి తొందర. అందుకని దగ్గరి దారి తొక్కింది. రికార్డరు వైపు అడిగే పిన్నునీ అనుమతి పిన్నునీ ఒకదానికొకటి కలిపేసింది. ఇక దాని ప్రశ్నే దానికి జవాబు. మోడెమ్ వైపు అడిగే పిన్నుని, ఎప్పుడూ కరెంటుండే మరో పిన్నుకి కట్టేసింది. అంకెలు వెళ్లాయి. సామాను సర్దుకుంటూ ఉండగానే ఆఫీసు నుంచి ఫణీంద్ర ఫోను చేశాడు. ఇలాంటి గేజీ స్టేషన్లన్నీ చూసుకునే ఇంజనీరతను.

"ఏం చేశారు మేడమ్? మీ అంకె వచ్చింది, సరే. అప్పట్నుంచి మిగతా పదకొండు స్టేషన్లూ నోరెత్తట్లేదు."

సత్యకుమారికి తల కొట్టేసినట్టయింది. అన్ని స్టేషన్లదీ ఒకటే ఛానెల్. అడిగే తీగ మీద కరెంటు ఉన్నంతసేపూ మోడెమ్ రేడియోని ఆపదు. తను దాన్ని ఎడతెగకుండా అరిచేలా కట్టేసింది. వెంటనే కేబులు పీకేసింది.

"నా తప్పేనండి. ఒక గంట టైమివ్వండి," అంది.

పంటు సంగతి మర్చిపోయి, సోల్డరింగు గన్ను వేడిచేసి కొత్త కేబులు కట్టడానికి కూర్చుంది. ఈసారి అయిదు తీగలు. ఏడో పిన్నుకి అడిగేది, ఎనిమిదో పిన్నుకి అనుమతిచ్చేది. ఒక్కొక్కటీ మీటరుతో రెండేసిసార్లు చూసుకుని బిగించింది. మధ్యలో చిన్న లైట్ల పెట్టె పెట్టింది, ఏ తీగ మీద ఏం జరుగుతోందో కనిపించడానికి.

ముందు అడిగే లైటు వెలిగింది. రెప్పపాటు ఏమీ లేదు. మోడెమ్ ఛానెల్ ఖాళీగా ఉందో లేదో విని, రేడియో లేపి, అప్పుడు అనుమతి లైటు వెలిగించింది. అంకెలు గబగబా పోయాయి. రెండు లైట్లూ ఆరిపోయాయి. కాసేపటికి మళ్లీ అడిగింది. పిడికెడు పంపడం, ఆగడం, మిగతావాటికి దారివ్వడం, మళ్లీ అడగడం. ఇలాంటి కేబుళ్లు ఆవిడ వందల్లో కట్టింది. ఇన్ని అంకెలు ఇంత ఓపిగ్గా బయటికి రావడం ఎప్పుడూ చూడలేదు.

"పాత అంకెలు కూడా వస్తున్నాయి మేడమ్," అన్నాడు ఫణీంద్ర ఫోనులో, గొంతు తగ్గించి. "జులై నుంచీ మొత్తం దాచింది."

సత్యకుమారి తన లాప్‌టాప్ తగిలించి ఆ అంకెల్ని గీతగా చేసింది. గీత రోజుకి రెండుసార్లు లేస్తోంది, రెండుసార్లు పడుతోంది. బుల్లబ్బాయి కళ్లజోడు పెట్టుకుని వంగాడు. ఎవరూ చెప్పకుండానే తెర మీద వేలు పెట్టాడు.

"ఈ లేచింది పోటండి. ఈ పడింది పాటు. ఇదుగో, ఇక్కడ ఎత్తుగా ఉందే, పౌర్ణమి."

ఆవిడ కేలండరు చూసింది. పౌర్ణమే.

ఆగస్టు దగ్గరికొచ్చేసరికి ఆ అలలు చిన్నవైపోయి, వరద గుట్టలా లేచి, గీత దాదాపు నున్నగా అయింది. సముద్రం లోపలికి రాబోతే గోదారి బయటికి నెట్టేస్తోంది. వరద తీశాక, ముందు సన్నగా, తర్వాత ధైర్యం తెచ్చుకున్నట్టు, పోటు తిరిగొచ్చింది.

"ఈ గుట్ట లేచిన రెండ్రోజులూ మమ్మల్ని స్కూలు బిల్డింగుకి తీసుకుపోయారండి," అన్నాడు బుల్లబ్బాయి. "నా పుస్తకంలో ఖాళీలే. ఆ టైములో గోదార్ని ఎవరూ చూళ్లేదనుకున్నాను."

ఆయన ఆ గుట్ట పొడుగునా వేలు మెల్లగా నడిపించాడు. సత్యకుమారి పెట్టె వైపు తిరిగింది. తడి గదిలో, జవాబివ్వని తీగల చివర, నీళ్లు గడప దాకా వచ్చినా ఈ పెట్టె ఒక్క పావుగంట కూడా వదల్లేదు. పొద్దున్న దీన్ని విప్పి తీసుకెళ్లిపోవాలని వచ్చింది తను.

బుల్లబ్బాయి బయటికెళ్లి, మెట్లు దిగి కొలకర్ర దగ్గర నిలబడ్డాడు. పోటు ఎక్కుతోంది.

"ఒక మీటరూ ముప్పై నాలుగండి," అని కేకేశాడు.

గదిలో అడిగే లైటు వెలిగింది. అనుమతి లైటు వెలిగింది. కాసేపటికి ఫణీంద్ర ఫోనులో చదివాడు: "ఒకటి పాయింటు మూడు నాలుగు."

సత్యకుమారి ఆ అంకె గుమ్మంలోంచి చెప్పింది. బుల్లబ్బాయి తలూపి, నీటి వైపు తిరిగి, తువ్వాలు భుజం మీంచి తీసి రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.